ఎత్తైన దారుల్లో ఊపిరి లెక్క: లద్దాఖ్ ప్రయాణంలో తోడు ఎందుకు ముఖ్యం?

హైదరాబాద్‌కు చెందిన ఇద్దరు స్నేహితులు కారులో లేహ్‌కు బయలుదేరారనుకుందాం. అక్కడికి చేరాక వీపున సంచులు తగిలించుకుని మార్ఖా లోయలో కొన్ని రోజులు నడవాలన్నది వారి ఆలోచన. తెల్లవారుజామున మనాలీ వదిలి, అటల్ సొరంగం దాటి, కేలాంగ్, జిస్పా మీదుగా బారాలాచా లా కనుమ ఎక్కి దిగారు. చీకటి పడేసరికి సర్చులోని గుడారానికి చేరారు. రాత్రి పదింటికి ఒకరికి తల పగిలిపోతున్నంత నొప్పి, కడుపులో తిప్పడం మొదలైంది. "ప్రయాణ బడలికేరా, పొద్దున్నకి అదే తగ్గిపోతుంది" అన్నాడు. ఆ మాట రెండో స్నేహితుడు నమ్మవచ్చా?

ఏటా వేసవిలో ఈ దారిలో ఎందరికో ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబు తెలియాలంటే ముందు గాలి సంగతి తెలియాలి.

గాలిలో ఆక్సిజన్ తగ్గుతుందా?

కొండలపై గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి విశాఖ తీరంలోనైనా, లేహ్‌లోనైనా గాలిలో ఆక్సిజన్ వాటా సుమారు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. సముద్ర మట్టంలో 760 మిల్లీమీటర్ల పాదరసం మేర ఉండే వాతావరణ పీడనం, సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో అందులో మూడింట రెండు వంతులకు పడిపోతుంది. 5,300 మీటర్లు దాటిన తంగ్‌లంగ్ లా దగ్గర సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే ఉంటుంది. అంటే ఒక్కో శ్వాసలో ఊపిరితిత్తులకు చేరే ఆక్సిజన్ అణువులు అదే నిష్పత్తిలో తగ్గిపోతాయి.

ఈ మార్పును దారి పొడవునా కళ్లతోనే చూడవచ్చు. మనాలీలో కొన్న చిప్స్ ప్యాకెట్ కనుమ దగ్గరకు వచ్చేసరికి బెలూన్‌లా ఉబ్బుతుంది. లోపలి గాలి పీడనం కింద ఉన్నట్టే ఉండగా బయటి పీడనం తగ్గడమే కారణం. లేహ్‌లో నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 88 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. అందుకే ప్రెషర్ కుక్కర్ లేకుంటే పప్పు ఒక పట్టాన ఉడకదు. ఎక్కుడులో కారు ఇంజిన్ కూడా నీరసపడుతుంది. ఇంధనం మండడానికి చాలినంత ఆక్సిజన్ దానికీ అందదు.

శరీరం ఎలా సర్దుకుంటుంది?

మెడలోని ప్రధాన ధమనుల దగ్గర కెరోటిడ్ బాడీలనే చిన్న అవయవాలు ఉంటాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గిన సంగతిని అవి పసిగట్టి మెదడుకు తెలియజేస్తాయి. వెంటనే ఊపిరి వేగం, గుండె వేగం పెరుగుతాయి. అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. వేగంగా ఊపిరి తీసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువగా బయటకు పోతుంది. దాంతో రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది గమనించిన మెదడు ఊపిరి వేగానికి కళ్లెం వేస్తుంది. అంటే ఒక వ్యవస్థ పెంచమంటుంటే, మరొకటి తగ్గించమంటుంది.

ఈ తగవు తీర్చేవి మూత్రపిండాలు. అవి అదనపు బైకార్బొనేట్‌ను మూత్రంలో బయటకు పంపి రక్తాన్ని మళ్లీ సమస్థితికి తెస్తాయి. అయితే అందుకు కొన్ని రోజులు పడుతుంది. కొండ ప్రాంతానికి చేరాక మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోమని వైద్యులు చెప్పేది ఇందుకే. ఎసిటజోలమైడ్ అనే మందు మూత్రపిండాలు చేసే ఈ పనినే వేగవంతం చేస్తుంది. అది అందరికీ సరిపడదు కాబట్టి వైద్యుల సలహాతోనే వాడాలి.

కొత్త ఎర్ర రక్తకణాల తయారీకి సంకేతమిచ్చే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ కొన్ని గంటల్లోనే పెరుగుతుంది. కానీ కణాల సంఖ్య చెప్పుకోదగినంతగా పెరగడానికి వారాలు కావాలి. పది రోజుల యాత్రలో దాని సాయం అంతంతమాత్రమే. ఆక్సిజన్ తగ్గుదలను కణాలు ఎలా గుర్తిస్తాయో, ఎలా సర్దుకుంటాయో వివరించినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో వైద్య నోబెల్ బహుమతి లభించింది.

సర్చులో నిద్ర ఎందుకు ప్రమాదం?

మనాలీ ఎత్తు సుమారు 2,050 మీటర్లు. సర్చు ఎత్తు సుమారు 4,290 మీటర్లు. ఒక్క పగటిలో 2,200 మీటర్లకు పైగా ఎక్కి, అక్కడే నిద్రపోవడం శరీరానికి పెద్ద కుదుపు. నిద్రలో ఊపిరి మందగిస్తుంది, మధ్యమధ్య ఆగుతుంది కూడా. రక్తంలో ఆక్సిజన్ మరింత తగ్గుతుంది. అందుకే పగలు ఎంత ఎత్తుకు వెళ్లామన్న దానికంటే రాత్రి ఎంత ఎత్తున పడుకున్నామన్నదే ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది పర్వత వైద్య నిపుణుల సూచన. మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఆగాలి.

పైగా లక్షణాలు వెంటనే కనిపించవు. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతాయి. కనుమ దగ్గర దిగి నవ్వుతూ ఫొటోలు తీసుకున్న మనిషే ఆ రాత్రి మంచం పట్టడం అందుకే.

సర్చుకు మరో ఇబ్బంది ఉంది. పర్వత అస్వస్థతకు అసలు మందు కిందికి దిగడమే. కానీ సర్చు నుంచి ఎటు వెళ్లినా ముందు ఎక్కక తప్పదు. వెనక్కి వెళ్తే సుమారు 4,890 మీటర్ల బారాలాచా లా, ముందుకు వెళ్తే 5,000 మీటర్లు దాటిన లాచులుంగ్ లా, ఆపై తంగ్‌లంగ్ లా.

మూడు రూపాలు

తలనొప్పికి తోడు వికారం, నీరసం, కళ్లు తిరగడం ఉంటే దాన్ని తీవ్ర పర్వత అస్వస్థతగా భావించాలి. అక్కడే ఆగి విశ్రాంతి తీసుకుంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. లక్షణాలు ఉండగా మరింత పైకి వెళ్లి పడుకోవడమే పెద్ద తప్పు.

రెండో రూపం మెదడు వాపు. అడుగులు తడబడతాయి, మాట పొంతన తప్పుతుంది. మూడోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, ఒక్కోసారి గులాబీ రంగు నురగ కళ్లె దీని గుర్తులు. ఇది తరచూ ఎత్తుకు చేరిన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తుంది. ఈ రెండూ ప్రాణాంతకాలే. తెల్లారేదాకా ఆగకుండా ఆక్సిజన్, వైద్య సాయం అందే చోటికి, ఇప్పుడున్న దానికంటే తక్కువ ఎత్తుకు తరలించాలి. చిన్న ఆక్సిజన్ స్ప్రే డబ్బా కొద్ది నిమిషాల ఊరటే ఇస్తుంది, దిగడానికి ప్రత్యామ్నాయం కాదు.

ఈ జబ్బును అర్థం చేసుకోవడంలో భారత సైనిక వైద్యులది ముఖ్యమైన పాత్ర. 1962 యుద్ధ కాలంలో మైదానాల నుంచి సైనికులను హఠాత్తుగా హిమాలయాలకు తరలించాల్సి వచ్చింది. ఇందర్ సింగ్, ఆయన సహచరులు 3,350 నుంచి 5,500 మీటర్ల ఎత్తుల్లో అస్వస్థతకు గురైన 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసం నేటికీ ఈ రంగంలో ప్రామాణికం. దేహదారుఢ్యం ఉన్నంత మాత్రాన రక్షణ ఉండదని సైనికుల అనుభవమే చెబుతోంది. పైగా బలంగా ఉన్నవారు వేగంగా ఎక్కేస్తారు కాబట్టి వారికి ముప్పు ఎక్కువయ్యే అవకాశమూ ఉంది.

తోడు చేయాల్సిన పని

ఆక్సిజన్ తగ్గినప్పుడు మొదట దెబ్బతినేవాటిలో విచక్షణ ఒకటి. జబ్బుపడిన వ్యక్తికి తన పరిస్థితి తనకే తెలియకపోవచ్చు. పైగా తనవల్ల ఇద్దరి యాత్రా పాడవుతుందన్న మొహమాటం ఒకటి. అందుకే నిర్ణయం పక్కనున్నవారి చేతిలో ఉండాలి.

పరీక్ష సులువైనదే. నేలపై ఒక గీత ఊహించి, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ నడవమనాలి. తూలితే మెదడు వాపును అనుమానించాలి. తిన్నాడా, వాంతి అయిందా, సరిగా మాట్లాడుతున్నాడా, కూర్చున్నప్పుడు ఆయాసం ఉందా అన్నవి ప్రతి రాత్రీ, ప్రతి ఉదయం చూసుకోవాలి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ లేహ్‌కు కొత్తగా వచ్చినవారిలో 90 కంటే తక్కువ చూపడం మామూలే. అంకె ఒక్కటే చూసి భయపడకూడదు, అంకె బాగుందని లక్షణాలను కొట్టిపారేయకూడదు. మద్యం, నిద్రమాత్రలు ఊపిరిని మరింత మందగింపజేస్తాయి కాబట్టి వాటి జోలికి పోకూడదు.

అసలు జాగ్రత్త మాత్రం బయలుదేరకముందే మొదలవుతుంది. శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్లే దారిలో ఎత్తు మెల్లగా పెరుగుతుంది. మనాలీ నుంచే వెళ్లాలంటే సుమారు 3,200 మీటర్ల ఎత్తున్న జిస్పాలో రెండు రాత్రులు ఆగి, మూడో రోజు పెందలాడే బయలుదేరి నేరుగా లేహ్‌లో పడుకోవడం సర్చులో పడుకోవడం కన్నా మేలు. అంత దూరం ఒకరే నడపకుండా ఇద్దరూ వంతులు వేసుకోవాలి. సుమారు 5,200 మీటర్ల కొంగ్‌మారు లా దాటాల్సిన మార్ఖా నడకకు ముందు లేహ్‌లో కనీసం రెండు రోజులు గడపాలి.

ఇక సర్చు గుడారంలోని స్నేహితుడు చేయాల్సింది ఇదే: "బడలికే" అన్న మాటను నమ్మకుండా లేపి, గీతపై నడిపించి చూడాలి. అడుగు తడబడకుండా, ఆయాసం లేకుండా ఉంటే రాత్రంతా గంటగంటకూ గమనిస్తుండాలి. అడుగు తడబడితే తెల్లవారే వరకు ఆగకూడదు. వెంటనే సాయం కోసం దగ్గర్లోని సైనిక శిబిరాన్నైనా, గుడారాల నిర్వాహకులనైనా లేపాలి.