గంధమును మోయు ప్రోటీనులు

మన తిరుమలాయపాలెపు ప్రాంతమున ప్రత్తిచేలలో కట్టెడు లింగాకర్షక బుట్టలను విద్యార్థులు చూచియేయుందురు. బుట్టలోని చిన్న రబ్బరు ఎరయందు మన ముక్కునకు తెలియు వాసన లేదు. అయినను గులాబిరంగు పురుగుయొక్క మగ రెక్కలపురుగులు చీకటిలో దానిని వెదకికొని వచ్చి పడుచుండును. ఆడుపురుగు విడుచు గంధమును కృత్రిమముగా చేసి యందు నింపియుందురు.

ఆ గంధము మగపురుగు నాడిని చేరుట యెట్లు? ఇందొక చిక్కు కలదు. ఇట్టి గంధపదార్థములు నూనెవంటివి, నీటిలో సులభముగా కరగవు. పురుగు మీసముమీది సన్నని వెండ్రుకలలో నుండునదో, నీటివంటి ద్రవము. నూనె కణము ఆ నీటిని దాటవలెనన్న నొక పడవ కావలయును. ఆ పడవయే గంధబంధక ప్రోటీను. దాని నడుమనున్న గుంటలో గంధాణువు ఒదిగి ప్రయాణము చేయును. ఆమ్లత హెచ్చినచోట పట్టుపురుగు ప్రోటీను తన యాకారమును మార్చుకొనునని 1999లో తేలినది. నాడికణపు పొర చెంత నది యిట్లే సరకు దింపునని శాస్త్రజ్ఞుల యూహ.

ఈ ప్రోటీనును 1981లో అమెరికాలో వోగ్ట్, రిడిఫర్డు అనువారు ఆంతీరియా పాలిఫీమస్ అను పెద్ద రెక్కలపురుగునందు కనుగొనిరి. ఆ పేరు మనకంత దూరమైనది కాదు. మహాదేవపురము, చెన్నూరు ప్రాంతములలో మద్దిచెట్లపై పెంచు దసలి పట్టుపురుగును ఆంతీరియాయే. ఇంచుమించు అదే కాలమున ఇటలీదేశస్థుడగు పెలోసి, బెంగుళూరు మిరపకాయ వాసననిచ్చు పదార్థముతో శోధించి, ఆవు ముక్కులో నిట్టి ప్రోటీనునే కనుగొనెను. ఆవుది పీపావంటి కట్టడము. పురుగుది మెలికల ముడి. రెంటికిని చుట్టఱికము లేదు, పనిమాత్ర మొక్కటే.

ఈ ప్రోటీను జన్యువును సూక్ష్మజీవులలో నిలిపి, కావలసినంత ప్రోటీనును చేయించుట నేడు కష్టము కాదు. అది వేడికిని త్వరగా చెడదు. ఆవు ప్రోటీనును సన్నని పలకపై నతికించి, బూజుపట్టిన ధాన్యమునుండి వెలువడు ఆక్టినాలు అను పదార్థమును పసికట్టు పరికరములను ప్రయోగశాలలలో చేసిరి. ఖమ్మము మిర్చి బస్తాలకిది పనికివచ్చునా యని తల్లిదండ్రులు అడుగవచ్చును. ఇప్పటికిప్పుడు కాదనియే నా తలంపు: ఈ ప్రోటీను ఒక్క వాసననేగాక పెక్కింటిని పట్టుకొనును, మిరప ఘాటు నడుమ బూజును వేఱుపఱచుటకు దాని గుంటనే మార్చి మలచవలసియుండును.

నాకు మిక్కిలి ఆశ కలిగించునది మఱియొక యుపయోగము. 2010 దశకమునుండి గులాబిరంగు పురుగు మనదేశమున బీటీ ప్రత్తిలోని విషమునకును లొంగకున్నది. కాయ తొలిచి రైతు కష్టమును మ్రింగుచున్నది. క్రొత్త ఎరలను వెదకుటకు వందల పదార్థములను చేలలో పెట్టి చూచుటకు మాఱుగా, ముందు పురుగు ప్రోటీనునకు ఏది యంటుకొనునో గాజునాళికలో చూచి, అంటుకొనినవానినే చేనికి కొనిపోవచ్చును. అంటుకొనినదెల్ల ఆకర్షింపదు, కొన్ని పురుగును తఱిమివేయవచ్చును, అదియు రైతునకు లాభమే. ఏది యెట్టిదో చేనిలో రాత్రివేళ బుట్టలు పెట్టి, తెల్లవారి పురుగులను లెక్కించియే తెలిసికొనవలయును.