గట్టెక్కించే జీపీఎస్ ఏది?

హనుమాన్ జంక్షన్‌లో దారి తప్పాలంటే ప్రత్యేకమైన ప్రతిభ ఉండాలి. ఒక వైపు బెజవాడ, ఇంకో వైపు ఏలూరు, పక్కలకు నూజివీడు, గుడివాడ. ఆంజనేయస్వామి గుడిని ఆనవాలుగా పెట్టుకుంటే ఎటు తిరగాలో చిన్నపిల్లాడైనా చెబుతాడు. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నంతసేపూ ఫోన్‌లోని నీలం చుక్క అలంకారమే. హైవే దిగి కాలువ గట్టో, కొల్లేరు వైపు చేపల చెరువు గట్టో, నూజివీడు మామిడితోటల మధ్య పుంతో పట్టుకున్నాక దాని అసలు పని మొదలవుతుంది.

ముందు ఒక అంకె గుర్తుపెట్టుకోవాలి: 4.9 మీటర్లు. ఆకాశం బాగా కనిపించే చోట స్మార్ట్‌ఫోన్ జీపీఎస్ మనల్ని సాధారణంగా ఇంత వ్యాసార్ధం లోపల పట్టుకోగలదని అమెరికా ప్రభుత్వమే చెబుతోంది. హైవే మీద ఐదు మీటర్లంటే ఒక వరుస అటో ఇటో. అదే మూడు మీటర్ల వెడల్పున్న గట్టు మీద ఐదు మీటర్లంటే కాలువలో ఉన్నట్టు. బండిని గట్టు మీద నిలిపి ఉంచే బాధ్యత ఎప్పటికీ కళ్లదీ స్టీరింగుదీ. ఉపగ్రహాల పని మనం ఏ గట్టు మీద ఉన్నామో చెప్పడం వరకే.

ఆ ఒక్క పనిలోనూ డెల్టాలో చిక్కుంది. ఇక్కడ కాలువకు రెండు గట్లుంటాయి. రోడ్డు మీద నడిపే యాప్‌లన్నీ మనం రోడ్డు మీదే ఉన్నామని నమ్మి, చుక్కను దగ్గర్లో ఉన్న గీత మీదికి లాగేస్తాయి. ఎడమ గట్టు మ్యాప్‌లో లేక, కుడి గట్టు ఒక్కటే ఉంటే, ఎడమ గట్టు మీద పోయేవాణ్ణి కూడా నిస్సంకోచంగా కుడి గట్టు మీదే చూపిస్తాయి. సంగతి తెలిసేసరికి వంతెనో లాకో ఎంతో వెనకబడిపోయి ఉంటుంది. అందుకే కచ్చా దారుల్లో తిరిగేవాళ్లు మలుపులు చెప్పే యాప్ కన్నా, చుక్కను ఉన్నచోటే ఉంచి, వచ్చిన దారిని గీతగా నమోదు చేసే యాప్‌ను ఎంచుకోవాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 8 మీటర్లకు పైగా కదులుతుంది. కాబట్టి సెకనుకో, రెండు సెకన్లకో ఒక బిందువు నమోదైతే, చీకటి పడ్డాక తిరుగుదారి పట్టడానికి ఆ గీత చాలు.

ఐదు మీటర్ల లెక్క ఎక్కడిదో కూడా చూద్దాం. 20,200 కిలోమీటర్ల ఎత్తున 30కి పైగా జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. కనీసం 24 ఉంటే వ్యవస్థ నడుస్తుంది. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం సంకేతం మన దాకా రావడానికి సెకనులో 15వ వంతు పడుతుంది. ఆ కాలాన్ని కొలిచి దూరం కడతారు. మూడు దూరాలతో మన చోటు తెలుస్తుంది. నాలుగో ఉపగ్రహం ఫోన్‌లోని చవక గడియారం తప్పు దిద్దడానికి. ఆ గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పినా దూరం లెక్క 300 మీటర్లు తేడా కొడుతుంది. ఉపగ్రహాల్లోని గడియారాలు ఐన్‌స్టీన్ చెప్పినట్టే నేల మీది వాటికన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని దిద్దకపోతే రోజుకు దాదాపు 11 కిలోమీటర్ల తప్పు పోగవుతుంది, అంటే జంక్షన్ నుంచి నూజివీడు దారిలో సగం దాటేసినట్టే. 2000 మే 1 దాకా అమెరికా కావాలనే సంకేతాన్ని కలుషితం చేసేది. ఆ రోజుల్లో సామాన్యులకు వంద మీటర్ల దాకా తప్పుండేది. ఆ లెక్కన ఇప్పటి ఐదు మీటర్లు రాజభోగమే.

ఉపగ్రహం ఎంత కచ్చితంగా ఉన్నా మ్యాప్ పాతదైతే లాభం లేదు. కొల్లేరు అభయారణ్యం +5 అడుగుల కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన విస్తీర్ణం 901. ఈ రెండు అంకెల మధ్య నేల ఏది, నీరు ఏది అనేది ఏడాదికోలా మారుతుంది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువుల గట్లు తెగ్గొట్టారు. పై నుంచి తీసిన బొమ్మలో చెరువు గట్టు అచ్చం రోడ్డులా కనిపిస్తుంది కాబట్టి, దాన్ని చూసి గీసిన దారి నేల మీద ఉండకపోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికే నీరొచ్చింది. ఆ వారంలో ఎవరి మ్యాప్‌లోనైనా ఆ రోడ్డు యథాతథంగా ఉండే ఉంటుంది.

నీటి లోతు సంగతి జీపీఎస్ చూపే ఎత్తుతో తేల్చుకుందామనుకుంటే ఇంకా నవ్వొస్తుంది. కొన్ని యాప్‌లు కొల్లేరు గట్టు మీద నిలబడ్డవాణ్ణి సముద్రమట్టానికి 70 మీటర్లకు పైగా దిగువన ఉన్నావంటాయి! అది ఫోన్ జబ్బు కాదు. ఉపగ్రహాలు ఎత్తును కొలిచేది లెక్కల కోసం ఊహించుకున్న, కాస్త నొక్కినట్టుండే నున్నని గోళం నుంచి. మన చుట్టుపక్కల గురుత్వాకర్షణ తక్కువగా ఉండి, అసలు సముద్రమట్టమే ఆ గోళానికి బాగా దిగువన ఉంటుంది. ప్రపంచంలోకెల్లా లోతైన ఆ గుంట శ్రీలంకకు దక్షిణాన ఉంది, దాదాపు 106 మీటర్లు. మంచి యాప్‌లు ఈ తేడా సవరించి చూపిస్తాయి. అయినా పైకీ కిందికీ తప్పు పక్కలకు ఉండే తప్పుకన్నా ఎక్కువ. అడుగు నీళ్లా మూడడుగుల నీళ్లా అనేది దానితో తేలదు.

స్నేహితుడు పంపిన లొకేషన్ అంకెలదీ ఓ కథ. అక్షాంశంలో ఒక డిగ్రీ 111 కిలోమీటర్లు. దశాంశ స్థానాలు నాలుగుంటే 11 మీటర్ల దాకా, ఐదుంటే ఒక మీటరు దాకా చెప్పినట్టు. గట్టు దారులకు ఐదు కావాలి. విజయవాడను డిగ్రీలూ నిమిషాల్లో రాస్తే 16 డిగ్రీల 30 నిమిషాలు, 80 డిగ్రీల 38 నిమిషాలు. నిమిషాలు అరవైకి ఒక డిగ్రీ కనుక దశాంశాల్లో అది 16.50, 80.63. తొందరలో 16.30, 80.38 అని కొట్టారా, 35 కిలోమీటర్ల అవతల, గుంటూరుకు పడమర పొలాల్లో తేలతారు.

ఇక కొనుగోలు. ఒక్క రోజు తిరుగుడుకు ఉన్న ఫోనే చాలు. మ్యాప్‌ను ఇంట్లోనే దించుకోవాలి. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ల కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది కాబట్టి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి. అప్పుడూ జీపీఎస్ పనిచేస్తుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను రెండుసార్లు నింపదు, మార్పిడిలో పోయే నష్టం పోను ఒకటిన్నర సార్లు అనుకోండి. కొత్త ఫోన్ తీసుకుంటుంటే ఎల్1, ఎల్5 రెండు పౌనఃపున్యాలూ పట్టేదో కాదో అడగండి. చెట్ల నీడలో, సూర్యాస్తమయం తర్వాత పైవాతావరణం చెదిరినప్పుడు తేడా అక్కడే తెలుస్తుంది. 2018లో తొలిసారి ఫోన్‌లో వచ్చిన ఈ సదుపాయం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. జీపీఎస్ లాంటి మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ ఉంటే మంచిదే గాని, దాన్ని చూసి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. 2013లో శ్రీహరికోట నుంచి మొదలైన ఆ వరుసలో కొన్నిటి గడియారాలు చెడిపోయాయి. వాటి వారసుల్లో రెండోది 2025 జనవరి 29న శ్రీహరికోట నూరో ప్రయోగంగా లేచి కూడా అనుకున్న కక్ష్యకు చేరలేదు.

మారేడుమిల్లి అడవుల్లాంటి చోట్లకు రెండు మూడు రోజుల ప్రయాణమైతే విడి జీపీఎస్ పరికరం దండగ కాదు. ఈట్రెక్స్ 22ఎక్స్ లాంటిది రెండు పెన్సిల్ సెల్స్‌తో 25 గంటల దాకా నడుస్తుంది, వానకూ భయపడదు. అయితే అమెరికా నుంచి వచ్చే మేనల్లుడికి పురమాయించేటప్పుడు ఒక జాగ్రత్త. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే ఇన్‌రీచ్ లాంటివి టెలికం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు, విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల పాలైనవాళ్లున్నారు. సంకేతాలను అందుకోవడమే తప్ప పంపని పరికరాలకు ఆ పేచీ లేదు.

బయల్దేరే ముందు జంక్షన్‌లో టీ తాగుతూ ఫోన్‌ను బానెట్ మీద ఆకాశం వైపు పెట్టండి. నెట్ లేకుండా ఉపగ్రహం నుంచే దాని జాడ వివరాలు దిగాలంటే 30 సెకన్లు, అన్ని ఉపగ్రహాల పట్టిక దిగాలంటే పన్నెండున్నర నిమిషాలు. సెకనుకు 50 బిట్ల నత్తనడక మరి. గట్టెక్కాక బండి తిప్పుకోగల వెడల్పు చోటు కనిపించినప్పుడల్లా ఆగి గుర్తు పెట్టుకోండి. మేత ట్రాక్టర్ ఎదురొచ్చిందంటే రివర్స్‌లో వెనక్కి పోవాల్సింది మీరే. చివరి వెడల్పు చోటు 150 మీటర్ల వెనక ఉందా, 600 మీటర్ల వెనకా అన్నది అప్పుడు ఆ గుర్తే చెప్పాలి.