కనబడని రణరంగము – కావలసిన నాయకత్వము

విజయవాడనుండి హైదరాబాదునకు వచ్చు రాజమార్గముపై, నగరపు తూర్పు వాకిట, అబ్దుల్లాపూర్‌మెట్ గలదు. 1948 సెప్టెంబరు 13వ తేదీన విజయవాడ వైపునుండి బయలుదేరిన భారతసేన యీ మార్గముననే హైదరాబాదు దిక్కునకు సాగినది. వెనుదీయుచున్న నిజాము సైనికులు సూర్యాపేటచెంత మూసీ వంతెనను గూల్చిరి. కాని దానికి కాపు నిలుపలేదు. మనవారు త్వరలోనే వంతెనను బాగుచేసికొని ముందునకు నడచిరి. 17వ తేదీన నిజాము రేడియోలో మాటాడి, తన సేన పోరు మానినదని చాటెను.

ఆ వంతెన కూలుట అందఱికంటను బడినది. నేటి శత్రువు కూల్చు వంతెనలు కంటబడవు. 2020 అక్టోబరులో హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ ఔషధసంస్థ కంప్యూటర్లపై దాడి జరుగగా, ఆ సంస్థ తన సమాచారకేంద్రములను విడదీసి యుంచుకొనవలసి వచ్చెను. రష్యా దేశపు కరోనా టీకాను ఇచట పరీక్షించుటకు దానికి అనుమతి లభించిన కొలది దినములకే యిది జరిగెను. ఒక్క తుపాకియైన మ్రోగలేదు. సొమ్ము గుంజు దొంగలు చేయగలిగిన పనిని శత్రురాజ్యము చేయజాలదా?

మనకు సాధనములు లేవని మేమనము. 1961లో నెలకొల్పబడిన రక్షణ ఎలక్ట్రానిక్సు పరిశోధనాలయము మన నగరమునందే, చాంద్రాయణగుట్టచెంత నున్నది. శత్రువుల రేడియో, రాడారు సంకేతములను పసిగట్టి, అవసరమైనచో వానిని అడ్డగించు పరికరములను నిర్మించుట దాని పని. వినుటకు చెవులున్నవి, విన్నదానితో నేమి చేయవలయునో నిర్ణయించుటయే నాయకత్వము.

1914లో రష్యా సేనానులు తమ యాజ్ఞలను గూఢలిపి లేకయే రేడియోలో పంపుకొనగా, జర్మనులు వానిని విని, టానెన్‌బర్గునొద్ద వారి సైన్యము నొకదానిని నాశనము గావించిరి. మన యనుభవము వేఱు. 1999 మే నెలలో పాకిస్తాను సేనాపతి ముషారఫ్ బీజింగునుండి తన సహచరుడగు అజీజ్‌ఖానుతో టెలిఫోనులో మాటాడిన మాటలను మన గూఢచారులు పట్టిరి. జూన్‌లో మన ప్రభుత్వము వానిని లోకమునకు వెల్లడించెను. కార్గిలులో చొరబడినవారి వెనుక పాకిస్తాను సైన్యము గలదని రుజువయ్యెను. కాని మన చెవి యెచట నానియున్నదో శత్రువునకును దెలిసిపోయెను. లాభ మెక్కువయా, నష్ట మెక్కువయా యను చర్చ నేటికిని ఆఱలేదు. ఇట్టి తూనికకు ధైర్యమొక్కటియే చాలదు. ఆ విద్య లోతు దెలిసిన నాయకుడు గావలయును.

2019లో మూడు దళములకును గలిపి రక్షణ సైబరు సంస్థ యేర్పడినది. రియర్ అడ్మిరల్ మోహిత్ గుప్తా దానికి మొదటి యధిపతి. 2024 జూన్‌లో త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ సైబరు పోరాటమునకు ఉమ్మడి సిద్ధాంతగ్రంథమును వెలువరించిరి. ఇవి మెచ్చదగిన పనులు. అయినను, రెండు మూడేండ్ల కొకమాఱు అధికారులను బదిలీచేయు పాత యాచారము ఈ శాఖకు తగదని మా యభిప్రాయము. పని చేతికి వచ్చునప్పటికి మనిషి చేజాఱిపోవును. ఈ విద్య నెఱిగినవారు ఇందులోనే యుండి యున్నతపదవుల కెక్కు త్రోవ యేర్పడవలయును. చిన్న యుద్యోగి ముప్పును జూపినపుడు పెద్ద యధికారి బిరుదులు లెక్కింపక వినవలయును. శత్రువుకై పెట్టిన చెవి స్వదేశ పౌరుని గుమ్మమువైపు తిరుగకుండ పార్లమెంటు మేలుకొని యుండవలయును.

అబ్దుల్లాపూర్‌మెట్ పరిసరములందలి ఇంజనీరింగు కళాశాలలలో మన బిడ్డలు కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు. వారిలో పెక్కుర చూపు అమెరికాపై నున్నది. వారిని మేము నిందింపము. దేశరక్షణలో వారి విద్యకు తగిన పనియు, గౌరవమును, ఎదుగుటకు మెట్టును జూపుట ప్రభుత్వము బాధ్యత. ఆ మెట్టు కట్టక దేశభక్తిని బోధించిన ప్రయోజన ముండదు. రక్షణశాఖవారు ఇందుకు జాగు సేయరాదు.