టైటానియం సరే, మరి వేడి యాసిడ్‌కి కూడా లొంగని జిర్కోనియం సంగతేంటి?

2023లో ఐఫోన్ 15 ప్రో వచ్చినప్పటి నుంచి ఫోన్ ప్రకటనల్లో టైటానియం మోత మోగుతోంది. సంగంలో మా ఫ్రెండ్స్ అడిగేది ఒకటే: "దానికంటే మొండి మెటల్ లేదా?" యాసిడ్ విషయంలో అయితే ఉంది, పేరు జిర్కోనియం. నాది సాఫ్ట్‌వేర్ పనే అయినా, ఇది మన హైదరాబాద్‌లోనే తయారవుతుందని తెలిశాక దీని గురించి చదవకుండా ఉండలేకపోయాను.

ఎందుకు కరగదు?

నిజానికి జిర్కోనియం చాలా చురుకైన మెటల్. గాలి తగలగానే ఆక్సిజన్‌తో కలిసి పైన జిర్కోనియా అనే పొర కట్టేస్తుంది. మందం కొన్ని నానోమీటర్లే. కానీ ఇనుము తుప్పులా పెచ్చులు ఊడదు, గీత పడినా మళ్లీ తనే పూడుకుంటుంది.

మరిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో టైటానియం చేతులెత్తేస్తుంది, జిర్కోనియం నిలబడుతుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో సుమారు 70 శాతం గాఢత వరకు, మరిగే వేడిలోనూ తట్టుకుంటుంది. అందుకే ఎసిటిక్ యాసిడ్ ప్లాంట్లలో రియాక్టర్లకి దీన్ని వాడతారు.

వీక్ పాయింట్స్

హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఆ రక్షణ పొరనే తినేస్తుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఫెర్రిక్ అయాన్లు కలిసినా మెటల్ దెబ్బతింటుంది.

హైదరాబాద్ కనెక్షన్

1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో సముద్రతీర ఇసుకలోని జిర్కాన్ నుంచి ఈ మెటల్ తీస్తారు. న్యూట్రాన్లని మింగేసే హాఫ్నియంని వేరు చేసి, దాదాపు 1.5 శాతం తగరం, ఇంకొన్ని లోహాలు కొద్దికొద్దిగా కలిపితే జిర్కలాయ్ అవుతుంది. అణు ఇంధనం నింపే గొట్టాలు దీనివే. రియాక్టర్లో సుమారు 300 డిగ్రీల నీళ్లలో అవి ఏళ్ల తరబడి ఉండాలి. తమాషా ఏంటంటే, జిర్కలాయ్ గొట్టాల ఉపరితలాన్ని శుభ్రం చేయడానికి వాడేది నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ల మిశ్రమం. అంటే దాని బలహీనతే ఇక్కడ పనిముట్టు!

మరి ఫోన్‌లో ఎందుకు రాదు?

బరువు. ఘన సెంటీమీటర్‌కి అల్యూమినియం 2.7 గ్రాములు, టైటానియం 4.5, జిర్కోనియం 6.5. పైగా మన జేబులో మరిగే యాసిడ్ ఉండదు కదా! అయితే ఆ పొర పదార్థం మాత్రం గ్యాడ్జెట్లలోకి ఎప్పుడో వచ్చేసింది. 2016 నాటి షావోమీ మీ మిక్స్, యాపిల్ వాచ్ ఎడిషన్ సిరామిక్ బాడీలు జిర్కోనియావే.

ఈసారి ఎవరైనా "అస్సలు తుప్పు పట్టదు" అంటే మూడు ప్రశ్నలు అడగండి: ఏ యాసిడ్‌లో? ఎంత గాఢతలో? ఎంత వేడిలో? ఈ మూడూ చెప్పకపోతే అది స్పెసిఫికేషన్ కాదు, ఉత్త ప్రకటన.