వెనక్కి పారే నది, జాకీల మీద లేచిన ఊరు

మామూలుగా ఏ నదైనా పోయి పోయి సముద్రంలోనో సరస్సులోనో మరో నదిలోనో కలుస్తుంది. షికాగో నది మాత్రం సరస్సు దగ్గర బయల్దేరి, ఊరి మధ్య నుంచి అవతలికి పోతుంది. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. 1900 జనవరి 2 దాకా ఆ నది కూడా అన్నిటిలాగే మిషిగన్ సరస్సులో కలిసేది. ఆ రోజున మనుషులు దాన్ని వెనక్కి మళ్లించారు.

హైదరాబాద్‌లోని హఫీజ్‌పేట్ నుంచి ఒక్కదాన్నే షికాగో వెళ్తున్నానంటే, "పెద్ద పట్నం చూడాలంటే న్యూయార్క్ వెళ్లాలి గానీ షికాగో ఏంటి?" అన్నారు ఆఫీసులో. అక్కడి రికార్డుల సంగతులు కళ్లారా చూశాక ఇప్పుడు నా దగ్గర గట్టి జవాబే ఉంది. ఈ ఊళ్లో మొదటిదనీ, పెద్దదనీ, ఒకే ఒక్కటనీ పేరు తెచ్చుకున్నవాటిలో చాలావరకు గొప్పకు కట్టినవి కావు. బురద, మురుగు, మంట, ఈ మూడింటి బాధ పడలేక కట్టుకున్నవి. వానాకాలంలో హఫీజ్‌పేట్ చుట్టుపక్కల కాపురమున్నవాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

నది సంగతే చూడండి. ఊరు తాగే నీళ్లు సరస్సువి. ఊరి మురుగంతా నదిలోకి, నదిలోంచి అదే సరస్సులోకి. టైఫాయిడ్‌తో జనం పోతూ ఉండేవాళ్లు. 1892లో కాలువ తవ్వకం మొదలుపెట్టారు. 28 మైళ్లు, అంటే దాదాపు 45 కిలోమీటర్లు. కాలువ అడుగు నది అడుగు కన్నా లోతుగా తవ్వారు కాబట్టి నీళ్లు పల్లానికి తిరిగి, డెస్ ప్లెయిన్స్, ఇల్లినాయ్ నదుల మీదుగా మిసిసిపీలో కలిశాయి. దిగువనున్న మిస్సోరీ రాష్ట్రం ఊరుకోలేదు, సుప్రీం కోర్టుకెక్కింది. రుజువులు చాలవని 1906లో కోర్టు ఆ కేసు కొట్టేసింది. తమ మురుగు పక్కవాడి గడప ముందుకు తోసేసి ఊపిరి పీల్చుకోవడం న్యాయమని నేననను. కానీ ఒక ఊరు తన తాగునీటి కోసం నది దారినే మార్చిందంటే ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మన హైదరాబాద్‌కీ అలాంటి ఘట్టం ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేల ప్రాణాలు తీసుకుపోయాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. ఆ ఆలోచనలోంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. షికాగో అక్కడితో ఆగలేదు. మురుగూ వాన నీరూ ఒకే గొట్టంలో పోయే పాత ఏర్పాటు వల్ల, గట్టి వాన పడితే మురుగు నదిలోకి పొంగేది. 1975లో నేల కింద సొరంగాలు తొలవడం మొదలుపెట్టి 2006కి ముగించారు. మొత్తం 109 మైళ్లు. కొన్నిచోట్ల వ్యాసం 33 అడుగులు, లోతు 300 అడుగుల దాకా. వాన నీళ్లను అక్కడ పట్టి ఉంచి, శుద్ధి కేంద్రాలకు తీరిగ్గా పంపుతారు. అమెరికాలో నేను విన్న విశేషాలన్నిట్లోకీ ఎక్కువ ఆశ రేపింది ఇదే. ఎవరి కంటికీ కనపడని పనికి ముప్పై ఏళ్లు డబ్బు పోశారు! గంట వానకే మోకాటి లోతు నీళ్లు నిలిచే రోడ్ల మీద బళ్లు తోసుకుంటూ ఇంటికి చేరిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెప్పాలనిపించింది.

ఊరిని ఎత్తిన కథ ఇంకా పాతది. షికాగో పుట్టింది సరస్సుకు కాస్త ఎత్తున ఉన్న చిత్తడి నేల మీద. డ్రైనేజీ వేద్దామంటే వాలు లేదు. 1855లో ఎలిస్ చెస్‌బ్రో అనే ఇంజినీరు మురుగు గొట్టాలను వీధుల మీదే పరిచి, వాటి మీద మట్టి పోసి వీధినే పైకి లేపమన్నాడు. వీధి లేచాక ఇళ్లు గుంటలో పడ్డాయి. మరి ఇళ్లను కూడా ఎత్తారు! 1860లో లేక్ స్ట్రీట్‌లో 320 అడుగుల పొడవున్న దుకాణాల వరసను 600 మంది మనుషులు, 6,000 జాకీలతో అయిదు రోజుల్లో 4 అడుగుల 8 అంగుళాలు లేపారు. బరువు 35,000 టన్నులని లెక్క. కింద జాకీలు తిరుగుతుంటే పైన వ్యాపారం మామూలుగా నడిచింది.

నా సమయం ఎక్కువ తినేసినవి వంతెనలు. పైకి లేచే వంతెనలు ఇన్ని ఉన్న ఊళ్లు ప్రపంచంలో అరుదు. మిషిగన్ అవెన్యూలో ఉన్నది 1920 నాటిది, రెండంతస్తులది, ఇప్పటి పేరు డ్యుసేబుల్ బ్రిడ్జి. నైరుతి మూల బురుజులో చిన్న మ్యూజియం ఉంది. లోపలికి దిగితే వంతెనను లేపే పళ్ల చక్రాలు చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో కనిపిస్తాయి. నది మీదికి చాచిన భాగానికి సరితూగేలా వెనక గోతిలో బరువైన దిమ్మ వేలాడుతూ ఉంటుంది. అందుకే వేల టన్నుల వంతెనను కదల్చడానికి కారు ఇంజిన్ పాటి మోటార్లు సరిపోతాయి. మన పల్లెల్లో ఏతం పని చేసేది ఈ సూత్రం మీదే. వసంతంలో పడవలు సరస్సులోకి వెళ్లేటప్పుడు, శరత్కాలంలో తిరిగొచ్చేటప్పుడు బుధ, శనివారాల్లో వంతెనలు వరసగా ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. గంట మోగుతుంది, గేట్లు పడతాయి, బస్సులు ఆగుతాయి. తారు రోడ్డు, దాని మీద వేసిన తెల్లగీతలు అన్నీ నిలువునా లేచి ఎదుట గోడలా నిలబడతాయి. తెరచాప పడవలు ఒక్కొక్కటే దాటిపోతాయి. నా పక్కన ఆఫీసు బ్యాగుతో నిలబడ్డ పెద్దాయన విసుక్కోకుండా ఫోన్ తీసి ఫొటో తీశాడు.

ఇక మంట. 1871 అక్టోబర్ 8 రాత్రి అంటుకున్న నిప్పు రెండు రోజులు కాల్చింది. సుమారు 300 మంది చనిపోయారు, లక్ష మందికి గూడు లేకుండా పోయింది. తగలబడ్డ చోట కొత్తగా కట్టుకోవాల్సి వచ్చినప్పుడే ఆకాశహర్మ్యం పుట్టింది. 1885లో విలియం లె బారన్ జెన్నీ కట్టిన హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్‌ను ప్రపంచంలో మొదటిదని చాలామంది ఒప్పుకుంటారు. బరువు చాలావరకు గోడల మీద కాకుండా లోహపు చట్రం మీద మోపిన పది అంతస్తుల భవనం. 1931లో దాన్ని కూల్చేశారు, చూద్దామన్నా లేదు. అందుకని నేను మొనాడ్‌నాక్ భవనం వెతుక్కుంటూ వెళ్లాను. 1891లో కట్టిన దాని ఉత్తర భాగం 16 అంతస్తుల ఎత్తుకు బరువు మోసే ఇటుక గోడల మీద నిలబడింది. అడుగున గోడ మందం ఆరు అడుగులు. కింది అంతస్తు కిటికీ దగ్గర నిలబడితే గాజు ఎక్కడో లోపల ఉంటుంది. ఒక మనిషి అడ్డంగా పడుకునేంత గోడ! ఇటుకతో ఇంతకు మించి ఎత్తుకు పోవాలంటే కింద దుకాణానికి చోటే మిగలదని ఆ గోడను చూస్తే చాలు, పుస్తకం చదవక్కర్లేదు.

అక్కడి నుంచి విల్లిస్ టవర్ నడిచిపోయే దూరం. 1974 నుంచి 1998 దాకా ప్రపంచంలో ఎత్తైన భవనం ఇదే, 442 మీటర్లు. ఊరివాళ్లు ఇంకా సియర్స్ టవర్ అనే అంటారు. దీని నిర్మాణం ఆలోచించిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్ 1929లో ఢాకాలో పుట్టినవాడు. తొమ్మిది చదరపు గొట్టాలను ఒక కట్టగా నిలబెట్టి, ఎత్తుకు పోయేకొద్దీ కొన్నిటిని మధ్యలోనే ఆపేశాడు. 103వ అంతస్తులో గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన గాజు పెట్టెలు ఉన్నాయి, కాళ్ల కింద 412 మీటర్ల శూన్యం. కోకాపేటలో యాభై అంతస్తులు దాటి టవర్లు లేస్తున్న ఈ రోజుల్లో, అంత ఎత్తు భవనాన్ని గాలికి ఊగకుండా నిలిపే లెక్క ఎక్కడ పుట్టిందో మనవాళ్లూ తెలుసుకోవాలి.

1893 నాటి ప్రపంచ ప్రదర్శన లేకుండా షికాగో విశేషాలు పూర్తికావు. పారిస్‌వాళ్ల ఈఫిల్ టవర్‌ను మించాలని జార్జ్ ఫెర్రిస్ అనే ఇంజినీరు 264 అడుగుల రంగులరాట్నం నిలబెట్టాడు. 36 పెట్టెలు, ఒక్కోదానిలో 60 మంది, ఒకేసారి 2,160 మంది ఎక్కేవాళ్లు. టికెట్టు 50 సెంట్లు. మన జాతరల్లో తిరిగే జెయింట్ వీల్‌కు మూలపురుషుడు అదే. 1906లో దాన్ని డైనమైట్‌తో పేల్చి తుక్కు కింద అమ్మేశారు.

అదే ప్రదర్శనతో పాటు జరిగిన విశ్వమత మహాసభకే వివేకానందుడు వచ్చింది. ఆయన సెప్టెంబర్ 11న మాట్లాడిన భవనం ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. మనవాళ్లు ఎక్కువగా తలుచుకోని సంగతి ఒకటుంది. అదే ఏడాది ఫిబ్రవరి 13న ఆయన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, పాశ్చాత్య దేశాలకు ఎందుకు వెళ్లదలచాడో ప్రసంగించాడు. తెలిసినవాళ్లు లేని దేశానికి ఒంటరిగా బయల్దేరిన ఆ మనిషి, అప్పటికి షికాగో ముఖం చూడలేదు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద నిలబడ్డప్పుడు నాకు గుండె నిండింది.

ఒంటరిగా తిరిగేవాళ్లకు ఈ ఊరు చేసిన మేలు ఇంటి నంబర్లు. స్టేట్, మాడిసన్ వీధులు కలిసే మూల సున్నా. అక్కడి నుంచి నాలుగు దిక్కులా అంకెలు పెరుగుతాయి. ఉత్తరానికి పోతే 800 అంకెలకు ఒక మైలు. డెవన్ అవెన్యూ 6400 నార్త్, అంటే సరిగ్గా ఎనిమిది మైళ్లు. 1909లో అమల్లోకి వచ్చిన ఈ పద్ధతి కోసం ఏళ్ల తరబడి పోరాడింది ఎడ్వర్డ్ బ్రెనన్ అనే మామూలు ఉద్యోగి. ఇళ్లకు సరుకులు చేరవేసి, బిల్లులు వసూలు చేసి, చిరునామాల తికమక స్వయంగా అనుభవించినవాడు. మెట్రో పిల్లర్ నంబరు, పక్కన గుడి, ఎదురుగా టిఫిన్ సెంటర్ చెప్పి డెలివరీ పిల్లాడికి దారి చూపే మనకు ఈ బ్రెనన్ విలువ బాగా తెలుసు.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి బ్లూ లైన్ రైలు 1984 నుంచే ఉంది, రాత్రంతా తిరుగుతుంది. శంషాబాద్‌కు మన మెట్రో ఇంకా చేరాలి. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి నేరుగా షికాగోకు విమానం నడిపింది. మన ఊరి నుంచి అమెరికాకు అదే తొలి నేరు విమానం. ఇప్పుడది లేదు, మధ్యలో దిగి మారాల్సిందే. ఊరి మధ్యలో 1897 నుంచి వీధుల మీదుగా, రెండో అంతస్తు ఎత్తున చుట్టు తిరిగే రైళ్ల మోత వింటే మాత్రం హఫీజ్‌పేట్ స్టేషన్ పక్కన పెరిగిన చెవికి కొత్తేమీ ఉండదు.

155 నంబరు బస్సెక్కి డెవన్ వెళ్లాను. భారతీయ సరుకులు అమ్మే పటేల్ బ్రదర్స్ 1974లో మొదటి కొట్టు తెరిచింది ఈ వీధిలోనే. అక్కడ ఒక కొట్లో గోంగూర కట్టలు ఏరుతున్న ఒక పెద్దావిడ నా మాట విని తల తిప్పింది.

"ఎక్కడ తల్లీ మీది?"

"హఫీజ్‌పేట్ అండీ, కొండాపూర్ పక్కన."

"ఒక్కదానివే వచ్చావా? మా అబ్బాయి నన్ను కారు లేకుండా ఇక్కడిదాకా పంపడు." ఒక నిమిషం ఆలోచించి, "ఆ బస్సు నంబరేదో చెప్పమ్మా" అని అడిగి చీటీ వెనక రాసుకుంది.

ఊరికి దక్షిణాన హైడ్ పార్క్‌లో షికాగో విశ్వవిద్యాలయం ఉంది. డౌన్‌టౌన్ నుంచి 6 నంబరు బస్సు సరస్సు ఒడ్డు వెంబడి తీసుకుపోతుంది. 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మీ బృందం, మనుషులు అదుపులో పెట్టిన తొలి అణు గొలుసు చర్యను అక్కడి ఆటల మైదానం గ్యాలరీ కింద నడిపించింది. ఆ రోజు పుట్టిన శక్తి అర వాటు. చిన్న బల్బుకు కూడా చాలదు. ఇప్పుడు అక్కడ హెన్రీ మూర్ మలచిన కంచు శిల్పం ఉంది, దాని పక్కనే 1970లో తెరిచిన రీగెన్‌స్టైన్ లైబ్రరీ. దాన్ని ఆనుకుని గాజు గుమ్మటం కింద 2011 నాటి మాన్స్వేటో లైబ్రరీ. నేల కింద 50 అడుగుల లోతు దాకా అరల్లో 35 లక్షల సంపుటాలు పట్టేలా కట్టారు. అడిగిన పుస్తకాన్ని యంత్రాలే కొద్ది నిమిషాల్లో పైకి తెస్తాయి.

నేను అంత దూరం వెళ్లింది అణువు కోసం కాదు, తెలుగు కోసం. అమెరికా గోధుమలకు మనం కట్టిన రూపాయల్లో కొంత డబ్బుతో 1962 నుంచి పీఎల్ 480 పథకం కింద భారతీయ పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపేవాళ్లు. అలా తెలుగు పుస్తకాలు కూడా ఈ ఊరు చేరాయి. ఇక మనం ఫోన్‌లో తెలుగు మాటకు అర్థం వెతికితే తరచూ తగిలే బ్రౌన్ నిఘంటువు ఉంది కదా, దాన్ని ఇంటర్నెట్‌లో నిలబెట్టింది ఈ విశ్వవిద్యాలయమే. 1852లో మొదట అచ్చయి, 1903లో సవరణతో మళ్లీ వచ్చిన ఆ పుస్తకంలో ప్రతి మాటా అక్కడ వెతుక్కోవచ్చు. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి లైబ్రరీ కట్టించారు, అదొక ఇల్లు బ్రౌన్‌కు. షికాగోలోని ఈ వెబ్ చోటు రెండోది. 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువు కూడా అదే చోట ఉంది. రెండింటికీ రుసుము లేదు, పేరు నమోదు చేసుకోవాల్సిన పనీ లేదు.