ఆకాశహర్మ్యాల పర్యావరణ లెక్క సిమెంటు బట్టీ దగ్గరే మొదలు

జాముల్ (ఛత్తీస్‌గఢ్): కింది అంతస్తుల్లో దుకాణాలు, మధ్యలో కార్యాలయాలు, పైన నివాసాలు. ఇలా పలు అవసరాలను ఒకే కప్పు కిందికి తెచ్చే మిశ్రమ వినియోగ ఆకాశహర్మ్యాలు దేశంలోని మహానగరాల రూపురేఖలను మారుస్తున్నాయి. సౌర ఫలకాలు, మిద్దె తోటలు, పొదుపు దీపాలు వాటి ప్రకటనల్లో ప్రముఖంగా కనిపిస్తాయి. అయితే అలాంటి భవనం పర్యావరణంపై మోపే భారంలో పెద్ద భాగం అందులో తొలి దీపం వెలగకముందే ఖరారవుతుంది. అది ఎలాగో తెలుసుకోవడానికి భిలాయ్ ఉక్కు నగరాన్ని ఆనుకుని ఉన్న జాముల్ తగిన చోటు.

బూడిదరంగు ముడిసరుకు

సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ తర్వాత ఆరేళ్లకు, 1965లో, జాముల్‌లో ఏసీసీ సిమెంటు కర్మాగారం ఏర్పడింది. ఈ ఇరుగుపొరుగు పరిశ్రమలను కలిపే వస్తువు స్లాగ్. ముడి ఇనుము కరిగినప్పుడు పైకి తేలే ఈ చిట్టేన్ని నీటితో ఒక్కసారిగా చల్లార్చితే ఇసుక వంటి రేణువులుగా మారుతుంది. మెత్తగా నూరితే దానికి సిమెంటు గుణం వస్తుంది.

దీని విలువ తెలియాలంటే సిమెంటు తయారీని గమనించాలి. సున్నపురాయిని, మట్టిని సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చితే క్లింకర్ ఏర్పడుతుంది. ఇంధనం మండటం వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్ ఒక ఎత్తు అయితే, రాయి నుంచే విడుదలయ్యేది మరో ఎత్తు. శుద్ధమైన సున్నపురాయి టన్ను కాలితే దాదాపు 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బొగ్గుకు బదులు ఏ ఇంధనం వాడినా ఈ రెండో వాటా తగ్గదు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు వాటా సుమారు 7 నుంచి 8 శాతం.

అందుకే క్లింకర్‌ను తగ్గించడమే అసలు మార్గం. భారతీయ ప్రమాణం ఐఎస్ 455 ప్రకారం స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం వరకు స్లాగ్ ఉండవచ్చు. ఈ సిమెంటు గట్టిపడేటప్పుడు వెలువడే వేడి కూడా తక్కువ. ఎత్తైన భవనాలకు వేసే మందపాటి రాఫ్ట్ పునాదుల్లో పగుళ్లను నివారించడానికి ఈ గుణం ఉపకరిస్తుంది.

దీనికి ఒక చిక్కు ఉంది. స్లాగ్ కాంక్రీటుకు తొలి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది, క్యూరింగ్ ఎక్కువ రోజులు చేయాలి. వారానికో అంతస్తు లేపాలని పరుగులు తీసే నిర్మాణంలో సెంట్రింగ్ త్వరగా విప్పడానికి క్లింకర్ పాళ్లు పెంచడమే సులువుగా తోస్తుంది. గడువు ఒత్తిడి ఆ విధంగా ఉద్గారంగా మారుతుంది.

ఎత్తుకు చెల్లించే సుంకం

స్లాగ్ ఒక్కటే పరిష్కారం కాదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లు ఎంత ఇనుము తీస్తే అంతకు తగినంత స్లాగే దొరుకుతుంది. బొగ్గు వాడని ఉక్కు తయారీ పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. సున్నపురాయి, కాల్చిన బంకమట్టి కలిపి తయారుచేసే సిమెంటుకు 2023లో భారతీయ ప్రమాణం రావడం ఆశాజనకమే. అయినా అన్నింటికన్నా మేలైనది వాడకుండా మిగిల్చిన కాంక్రీటు.

భవనం ఎత్తు పెరిగేకొద్దీ గాలి తాకిడిని తట్టుకోవడానికి అదనపు సామగ్రి కావాలి. ఢాకా ప్రాంతంలో పుట్టి షికాగోలో స్థిరపడిన ఇంజినీరు ఫజ్లుర్ రెహమాన్ ఖాన్ దీనిని ఎత్తుకు చెల్లించే అదనపు మూల్యంగా గుర్తించారు. ఆయన రూపకల్పనలో పాలుపంచుకున్న 100 అంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటర్ 1969లో షికాగోలో పూర్తయింది. అందులో దుకాణాలు, వాహన నిలుపుదల, కార్యాలయాలు కింద, నివాసాలు పైన ఉంటాయి. కార్యాలయాలకు విశాలమైన అంతస్తులు పనికివస్తాయి. నివాసాలకు ప్రతి గదికీ కిటికీ కావాలి. అందుకే భవనం పైకి పోయేకొద్దీ సన్నబడింది. వెలుపలి గోడలపై ఏటవాలు ఉక్కు కడ్డీలు గాలి భారాన్ని మోస్తాయి. ఫలితంగా చదరపు మీటరుకు సుమారు 145 కిలోల ఉక్కు సరిపోయింది. 1931 నాటి ఎంపైర్ స్టేట్ భవనానికి 200 కిలోలకు పైగా పట్టింది.

ఇందుకు భిన్నంగా, కింద పార్కింగ్‌కు ఒక వరుసలో, పైన ఇళ్లకు మరో వరుసలో స్తంభాలు పెడితే, పైభారాన్ని కింది స్తంభాలకు మళ్లించే భారీ దూలాలు మధ్యలో తప్పనిసరి. అక్కడ ఖర్చయ్యే కాంక్రీటు తర్వాత ఎన్ని మొక్కలు నాటినా తిరిగిరాదు.

కలిపి కట్టడంలో లాభం

మిశ్రమ వినియోగం ఆలోచన భిలాయ్‌కి కొత్తది కాదు. తెలుగు నేల నుంచి తరలివచ్చిన కార్మిక కుటుంబాలతో సహా వేలాది మంది నివసించిన సెక్టార్లలో బడి, అంగడి నడక దూరంలోనే ఉండేలా పట్టణాన్ని వేశారు. అక్కడ నేలపై పరిచిన దానినే ఆకాశహర్మ్యం నిలువుగా పేరుస్తుంది.

కార్యాలయాలకు పగలు, ఇళ్లకు రాత్రి విద్యుత్తు ఎక్కువ కావాలి. కాబట్టి ఉమ్మడి ట్రాన్స్‌ఫార్మర్, ఉమ్మడి శీతలీకరణ వ్యవస్థ చిన్నవైనా సరిపోతాయి. పగలు ఉద్యోగులు నిలిపిన చోటే రాత్రి నివాసులు వాహనాలు నిలుపుకోవచ్చు. వెయ్యి లీటర్ల నీటిని వంద మీటర్ల ఎత్తుకు చేర్చడానికి, పంపు నష్టాలు కలిపి, దాదాపు అర యూనిట్ విద్యుత్తు కావాలి. మధ్య అంతస్తుల్లో ట్యాంకులుంటే కింది ఇళ్ల నీటిని శిఖరం దాకా ఎక్కించి దించే పని తప్పుతుంది. అయితే ప్రతి విభాగానికీ విడివిడిగా యంత్రాలు, పార్కింగ్ కేటాయిస్తే ఈ లాభమేదీ దక్కదు.

హైదరాబాద్‌కు పాఠం

తెలుగు పాఠకులకు ఇది దూరపు చర్చ కాదు. 2006 నాటి నిబంధనలతో హైదరాబాద్‌లో నిర్మిత విస్తీర్ణ సూచీపై పరిమితి తొలగిపోయింది. రహదారి వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం ఎత్తును నిర్ణయించసాగాయి. నేడు కోకాపేట వైపు 50 అంతస్తులు దాటిన భవనాలు లేచాయి. అదే నగరంలో 2004లో ప్రారంభమైన సీఐఐ-సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం. నడిమి వాకిలి, జాలీ గోడలు, మట్టి కప్పు దాని బలం. ఆ పాఠం అంతస్తులతో పాటు పైకి ఎక్కాలంటే యంత్రాలకన్నా ముందు నీడ, గాలి, గోడ గురించి ఆలోచించాలి. పడమటి ఎండకు ఎదురుగా నిలువెత్తు అద్దం బిగిస్తే, ఆ వేడిని బయటికి నెట్టే బిల్లును ముప్పై ఏళ్లూ నివాసులే కడతారు.

ఎత్తైన భవనంలో ఇల్లు కొనేవారు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. కాంక్రీటులో క్లింకర్ వాటా ఎంత? స్తంభాలు పునాది దాకా నేరుగా దిగుతున్నాయా? పడమటి కిటికీలకు బయటి నీడ ఉందా? నీరు, విద్యుత్తు, పార్కింగ్ నిజంగా ఉమ్మడివేనా? నిర్మాణం మొదలవకముందు అడిగితే వీటన్నింటికీ సరిదిద్దుకునే వీలుంది. తాళంచెవులు చేతికొచ్చాక వీటిలో మార్చగలిగేది కిటికీ నీడ ఒక్కటే. అదీ పక్క ఇళ్లవారు, సంఘం ఒప్పుకుంటేనే.