కొరియాలో పరదేశి పంతులు

మనకు తొలకరితోపాటు బడిగంట వినవస్తుంది. దక్షిణ కొరియాలో విద్యావత్సరం మార్చి నెలలో మొదలవుతుంది. మార్చి 1వ తేదీ 1919 నాటి స్వాతంత్ర్యోద్యమాన్ని స్మరించే సెలవుదినం. సాధారణంగా దాని వెన్వెంటనే విశ్వవిద్యాలయాల తలుపులు తెరచుకుంటాయి. అప్పటికి చలి వదలదు. ఆ చలిలో హాజరుపట్టీ పట్టుకొని తరగతిలో అడుగిడే పరదేశి అధ్యాపకుని అవస్థ తెలుసుకోదగినది.

మొదటి గండం పేర్లతోనే. 2015 నాటి జనగణన ప్రకారం ఆ దేశంలో నూటికి 21 మందికి పైగా కిమ్ అనే ఇంటిపేరువారే. లీ, పాక్ అనే ఇంటిపేర్లవారిని కూడా కలిపితే దాదాపు 45 మంది. ముందు ఇంటిపేరు, తరువాత పెట్టినపేరు. ఈ వరుస అమెరికా పంతులును తికమక పెట్టవచ్చును గాని, తెలుగువానికి ఇది స్వగృహాచారమే. కాకపోతే మన ఇంటిపేర్లు వేలకొలది. అక్కడ నలభైమంది ఉన్న తరగతిలో ‘కిమ్’ అని పిలిస్తే ఏడెనిమిది తలలు ఒక్కసారి లేస్తాయి!

విద్యార్థి గురువును పేరుపెట్టి పిలువడు, ‘క్యోసునిమ్’ అంటాడు. ‘క్యోసు’ అనగా ఆచార్యుడు, ‘నిమ్’ అనగా ఇంచుమించు మన ‘గారు’. కాగితం ఇచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులూ చాపుతాడు. ఈ మర్యాదకు రెండవ ముఖం మౌనం. “సందేహాలున్నవా?” అంటే తరగతిలో ఉలుకూ పలుకూ ఉండదు; గంట ముగిసిన పిదప ఒకరిద్దరు మెల్లగా బల్లదగ్గర నిలుస్తారు. కొత్తవాడు దీనిని అనాసక్తిగా పొరబడతాడు. పదిమందిలో తప్పు మాట్లాడి చిన్నబోరాదన్న సంకోచమే దీనికి చాలవరకు కారణం. మన పల్లెపట్టు కళాశాలలలో ఇంగ్లీషు పాఠం చెప్పినవారికి ఈ మౌనాన్ని వేరుగా వర్ణించనక్కరలేదు.

ఈ పరదేశి పంతుళ్లకు పూర్వీకులలో ఒకడు హోమర్ హల్బర్ట్ అనే అమెరికా దేశస్థుడు. కొరియా ప్రభువు నెలకొల్పిన పాఠశాలలో ఇంగ్లీషు నేర్పడానికి 1886లో వచ్చినాడు. విద్వాంసులు చీనా లిపినే తలకెత్తుకున్న ఆ కాలంలో, 1446లో సెజాంగ్ రాజు ప్రకటించిన హంగుల్ లిపిని అభ్యసించి, అందులోనే భూగోళ పాఠ్యగ్రంథం వ్రాసినాడు. తెలుగువారు అతనిని గుర్తుంచుకోవడానికి వేరొక హేతువున్నది. కొరియా భాషా వ్యాకరణాన్ని ద్రావిడభాషల వ్యాకరణంతో పోల్చి 1905లో ఒక గ్రంథం వెలువరించినాడు. క్రియ వాక్యాంతాన రావడం, విభక్తులు నామానికి వెనుక చేరడం రెండింటా ఉన్న మాట నిజమే. అంతమాత్రాన అవి ఏకోదరులన్న వాదాన్ని నేటి భాషావేత్తలు అంగీకరించరు. చుట్టరికం లేకపోయినా పోలిక అక్కరకు వస్తుంది: కొరియా వాక్యం నేర్వడానికి తెలుగువాడు తన ఆలోచనను తలక్రిందులు చేసుకోనక్కరలేదు. హల్బర్ట్ 1949లో సియోల్ నగరంలోనే కన్నుమూసినాడు; హాన్ నదీతీరాన విదేశీయుల శ్మశానవాటికలో అతని సమాధి ఉన్నది.

నేటి పంతులు చింత వేరు. మొదటి వారంలో విద్యార్థులు తాము ఎన్నుకొన్న పాఠ్యాంశాలను మార్చుకోవచ్చును. సోమవారం ఉన్న ముఖం గురువారానికి ఉండకపోవచ్చు. నిర్ణీత సంఖ్య చేరకుంటే ఆ పాఠ్యాంశమే రద్దవుతుంది. విదేశీ అధ్యాపకులలో అనేకుల కొలువు ఒకటి రెండేండ్ల ఒడంబడిక. దేశంలో నివాసానుమతి కూడా ఆ కొలువుతో ముడిపడినదే. కనుక అతడు హాజరు పిలిచేటప్పుడు లెక్కించేది విద్యార్థులను మాత్రమే కాదు.

బల్లలు ఖాళీ కావడానికి కారణం తరగతిగదికి వెలుపల ఉన్నది. 2023లో కొరియా జననాల రేటు స్త్రీకి సగటున 0.72కు దిగజారినది, జనాభా తరగకుండా నిలవాలంటే అది 2.1 ఉండవలె. జననాల తగ్గుదల ఏనాడో మొదలైనది గనుక, కళాశాల ఈడు పిల్లలు ఇప్పటికే పలచబడినారు. ఉన్నవారు సియోల్ వైపే మొగ్గుతారు. దూరపు జిల్లాల విద్యాలయాలకు చేరేవారు కరవు. చెర్రీపూలు పూచే వరుసలోనే విశ్వవిద్యాలయాలు మూతపడతాయని అక్కడ ఒక నానుడి పుట్టినది. ఆ పూలు వెచ్చని దక్షిణాన ముందు విచ్చి, క్రమంగా ఉత్తరానికి సాగుతాయి గదా!

విద్యార్థులకు మాత్రం ఆ పూలతో ముడిపడిన హాస్యం ఇంకొకటి ఉన్నది. ప్రతి పూవుకూ ఒక అర్థం చెప్పే వాడుకననుసరించి, చెర్రీపూవుకు అర్థం ‘మధ్యంతర పరీక్ష’ అంటారు. ఏప్రిల్ నెలలో చెట్లు తెల్లబడే వేళకు పంతులుకు పేర్లు కొంతవరకు పట్టుబడతాయి. ఆ పేర్లతోనే జవాబుపత్రాల కట్ట కూడా బల్లమీదికి వస్తుంది.